జేసన్ లియోనార్డ్: స్క్రమ్ ముందు వరసలో 14 ఏళ్ళు

రగ్బీ చూసేవాళ్ళలో చాలామంది స్క్రమ్ (ఆట ఆగాక రెండు టీమ్‌లూ బంతి కోసం తోసుకునే ఘట్టం) వచ్చిందంటే చాలు ఫోన్ చేతిలోకి తీసుకుంటారు, నాకది అస్సలు నచ్చదు. బయట్నుంచి చూస్తే 16 మంది భారీ మనుషులు తలలు దూర్చి గుద్దుకున్నారు, కింద పడ్డారు, రిఫరీ విజిల్ వేశాడు, మళ్ళీ లేచి సర్దుకున్నారు, ఇంతే కనిపిస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఆ ఆట మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే, అందులోనూ ముందు వరసలో ఉండే ఆ ముగ్గురు. ట్రై (బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం) కొట్టేవాడి గురించి రాసేవాళ్ళు వంద మంది ఉంటారు కాబట్టి నేను ముందు వరసలో బతికిన ఒక మనిషి గురించి రాస్తున్నా. జేసన్ లియోనార్డ్, ఇంగ్లండ్ ప్రాప్, 1990 నుంచి 2004 దాకా ఇంగ్లండ్‌కి 114 టెస్టులు (దేశాల మధ్య మ్యాచ్‌లు), బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ళని కలిపి టూర్లకి పంపే బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ టీమ్‌కి ఇంకో 5.

ఆ వరసలోకి వచ్చేవాడెవడికైనా బలం ఉంటుంది, లేకపోతే అక్కడిదాకా రానే రాడు. లియోనార్డ్‌ని అన్నేళ్ళు నిలబెట్టింది వేరే గుణం అని నా గట్టి నమ్మకం. ఆ రోజు టీమ్‌కి ఏం కావాలంటే అది చేసేవాడు. ఈ వైపు ఆడమంటే ఈ వైపు, ఆ వైపు అంటే ఆ వైపు, బెంచ్ మీద కూర్చోమంటే బెంచ్, చివరికి తొయ్యకుండా ఉండమంటే తొయ్యకుండా కూడా ఉన్నాడు. ఈ చివరిది వినడానికి చిన్నగా ఉంది కానీ ఒక వరల్డ్ కప్ ఫైనల్ దాని మీద ఆధారపడింది, అక్కడికి వస్తా.

ముందు ఈ ముగ్గురి పని ఏంటో చెప్పాలి. 1 నంబర్ జెర్సీ లూజ్‌హెడ్ ప్రాప్, 2 హుకర్, 3 టైట్‌హెడ్ ప్రాప్. హుకర్ మధ్యలో, ప్రాప్‌లు అటూ ఇటూ. అవతలి ముగ్గురితో తలలు ఒకళ్ళ మధ్యలోకి ఒకళ్ళు దూర్చి లాక్ అవుతారు. అలా దూర్చినప్పుడు లూజ్‌హెడ్ తల బయటి వైపు పడుతుంది, అతని ఎడమ పక్క ఖాళీ, కుడి భుజం ఒక్కటే ఎదుటివాడికి ఆనుతుంది. టైట్‌హెడ్‌కి ఆ సుఖం లేదు, అతని తల అవతలి లూజ్‌హెడ్‌కీ హుకర్‌కీ మధ్యలో ఇరుక్కుపోతుంది, బరువు రెండు భుజాల మీదా పడుతుంది. చేతుల దగ్గర కూడా తేడానే, లూజ్‌హెడ్ తన ఎడమ చేతిని ఎదుటి టైట్‌హెడ్ కుడి చేతికి లోపలి నుంచి పోనిచ్చి జెర్సీ పట్టుకోవాలి, టైట్‌హెడ్ కుడి చెయ్యి బయటి నుంచి రావాలి. ఆ పట్టు ఛాతీ మీదకో, కాలర్ మీదకో, చేతి మీదకో జారిందంటే రిఫరీ కళ్ళు వెంటనే అక్కడికే వెళ్తాయి. మోచెయ్యి నేల వైపు వాలింది అంటే కిందకి లాగుతున్నావని అనుమానం, మరీ పైకి లేచింది అంటే ఎదుటివాణ్ణి ఎత్తేస్తున్నావని అనుమానం.

ఒక వైపు ఏళ్ళ తరబడి ఆడి అలవాటైపోయినవాణ్ణి తీసుకెళ్ళి రెండో వైపు పెడితే పాదాలు పెట్టే తీరు, నడుము వంచే కోణం, మెడ మీద ఏ పక్క నుంచి ఒత్తిడి వస్తుంది, అన్నీ తారుమారైపోతాయి. వెనక మనవాళ్ళు అయిదుగురు తోస్తుంటారు, ఎదురుగా ఎనిమిది మంది, ఇప్పటి ఇంటర్నేషనల్ టీమ్ ప్యాక్ (స్క్రమ్‌లోని ఎనిమిది మంది) అయితే ఒక్కోటి 800 కిలోలు దాటుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చే ఆ తోపు అంతా కలిసేది ముందు వరస మెడల దగ్గర, భుజాల దగ్గర. అందుకే రెండు వైపులా టాప్ లెవెల్‌లో ఆడగలిగిన ప్రాప్‌లు చాలా తక్కువమంది. లియోనార్డ్ అందులో ఒకడు, నన్నడిగితే మొదటివాడు.

ఇతను 1968 ఆగస్టులో లండన్‌కి తూర్పున బార్కింగ్‌లో పుట్టాడు. ఇంగ్లండ్‌లో రగ్బీ యూనియన్ అంటే ఖరీదైన స్కూళ్ళలో చదివినవాళ్ళ ఆట అన్న పేరు ఉండేది, ఇతను చూస్తే మామూలు సర్కారు స్కూల్లో చదివి వడ్రంగం నేర్చుకుని ఆ పని మీద బతికినవాడు. అప్పటికి రగ్బీ యూనియన్‌లో ఆడినందుకు జీతాలు ఉండేవి కావు, 1995 ఆగస్టులో గానీ ఆట అధికారికంగా ప్రొఫెషనల్ కాలేదు. అంటే పగలంతా పనీ, సాయంత్రం ప్రాక్టీసూ, శనివారం మ్యాచూ. బార్కింగ్ క్లబ్‌లో మొదలై, తర్వాత సారసెన్స్, 1990లో హార్లెక్విన్స్, ఇక రిటైరయ్యేదాకా అక్కడే.

ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్ 1990 జూలైలో బ్యూనస్ ఐరిస్‌లో, అర్జెంటీనా మీద. వయసు 21. ప్రాప్‌కి 21 అంటే పసివాడి కింద లెక్క, మామూలుగా ఈ పొజిషన్‌లో మనిషి ముదిరేసరికి 27, 28 వస్తాయి. పైగా 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత ఇంగ్లండ్ టీమ్ అక్కడికి వెళ్ళిన మొదటి టూర్ అది, స్టేడియంలో వాతావరణం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. దానికి తోడు అర్జెంటీనావాళ్ళకి స్క్రమ్ అంటే ప్రాణం, వాళ్ళ ప్రాప్‌లు ప్రపంచమంతా పేరున్నవాళ్ళు. అలాంటిచోట మొదటి క్యాప్ (దేశానికి ఆడిన ఒక్కో మ్యాచ్‌ని ఇలా లెక్కేస్తారు) తీసుకున్నాడు, ఇంగ్లండ్ గెలిచింది, అప్పట్నుంచి కొన్నేళ్ళ పాటు ఆ జెర్సీ ఇంకొకళ్ళకి వెళ్ళలేదు.

ఆ రోజుల్లో ఇంగ్లండ్ ముందు వరస అంటే లియోనార్డ్, హుకర్‌గా బ్రయన్ మూర్, అటు పక్క జెఫ్ ప్రాబిన్. మూర్ లాయరు, లియోనార్డ్ వడ్రంగి, ప్రాబిన్ అప్పటికే 35కి దగ్గర్లో ఉన్న పాత కాపు. ఈ ముగ్గురూ 1991లో గ్రాండ్‌స్లామ్ (ఫైవ్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) కొట్టారు, ఇంగ్లండ్‌కి 1980 తర్వాత అదే మళ్ళీ. అదే ఏడు నవంబర్‌లో ట్వికెన్‌హామ్‌లో వరల్డ్ కప్ ఫైనల్ ఆడి ఆస్ట్రేలియా చేతిలో 12-6తో ఓడిపోయారు. ఆ ఫైనల్లో ఇంగ్లండ్ ప్యాక్ బాగానే ఆడింది, అప్పటిదాకా పనిచేసిన ఫార్వర్డ్స్ (స్క్రమ్‌లో ఉండేవాళ్ళు) ఆటని పక్కన పెట్టి బంతిని వెనక పరిగెత్తే బ్యాక్స్‌కి పంపిద్దాం అనుకోవడం వల్ల పోయిందని ఇప్పటికీ వాదనలు నడుస్తాయి, నేనూ అదే పక్షం.

1992 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్ గురించి చెప్పకపోతే ఆ కాలం ముందు వరస ఎలా ఉండేదో తెలీదు. ఆ మ్యాచ్‌లో ఫ్రాన్స్ ముందు వరసలో ఇద్దరు, ప్రాప్ గ్రెగ్వార్ లాస్కూబ్, హుకర్ విన్సెంట్ మోస్కాటో, ఇద్దర్నీ రిఫరీ బయటికి పంపించేశాడు. ఇంగ్లండ్ 31-13తో గెలిచింది. అప్పట్లో స్క్రమ్‌లో గుద్దులూ, తలతో పొడవడాలూ, కాళ్ళతో తొక్కడాలూ అన్నీ ఉండేవి, ఇప్పట్లాగా ప్రతి కోణం నుంచీ కెమెరాలు లేవు. ఇవన్నీ భరించి మళ్ళీ సోమవారం పనికి వెళ్ళేవాళ్ళు వీళ్ళు.

సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే, వేల్స్ మీద మ్యాచ్‌లో, లియోనార్డ్ కెరీర్ ఆగిపోయినంత పనయింది. ఇంగ్లండ్ 24-0తో గెలిచి వరసగా రెండో గ్రాండ్‌స్లామ్ పూర్తి చేసిన రోజది, అందరూ సంబరాల్లో ఉన్నారు, ఇతనికేమో చెయ్యి పట్టు తప్పిపోయింది. మెడలో డిస్క్ పగిలింది. ఇది ప్రాప్ మెడ అని గుర్తు పెట్టుకోండి, అంచున పరిగెత్తే వింగర్‌కి మెడ ఆపరేషన్ జరిగితే అది గాయం, ప్రాప్‌కి జరిగితే పనిముట్టే విరిగినట్టు. డాక్టర్లు తుంటి నుంచి చిన్న ఎముక ముక్క తీసి, మెడలో పాడైన డిస్క్ స్థానంలో పెట్టారు. మనిషికి 23 ఏళ్ళు. ఆట మానేసినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు, డబ్బులొచ్చే ఆట కూడా కాదు అది, మెడ పాడైతే వడ్రంగం పని కూడా పోతుంది. అయినా అదే సంవత్సరంలో మళ్ళీ ఇంగ్లండ్ జెర్సీ వేసుకుని స్క్రమ్‌లోకి తల పెట్టాడు.

ఆ మొదటి స్క్రమ్ గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తా. వంగి, ఎదుటివాడి భుజం మీ మెడ పక్కకి వచ్చి తగలడానికి ముందు ఒక క్షణం ఉంటుంది కదా, ఆ క్షణంలో కొత్తగా అతికించిన ఎముక గురించి ఆలోచిస్తే ఒళ్ళు వెనక్కి లాగుతుంది, వెనక్కి లాగితే వెన్ను వంగుతుంది, వెన్ను వంగితే ఇంకా ప్రమాదం. భయం ఉన్నప్పుడు కూడా వీపు నిటారుగా ఉంచి పూర్తిగా వెళ్ళడమే అక్కడ క్షేమం. అది చెయ్యడానికి ఎంత గుండె కావాలో నేను మాటల్లో పెట్టలేను. ఆ మెడతో ఇంకో 11 ఏళ్ళకి పైగా ఇంటర్నేషనల్ రగ్బీ ఆడాడు.

ఇంకో సంగతి, ఇప్పటి కుర్రాళ్ళకి తెలియనిది. ఆ కాలంలో సబ్‌స్టిట్యూట్ అంటే దెబ్బ తగిలితేనే, అలిసిపోయాడనో వ్యూహం మార్చాలనో మార్చడం 1996 నుంచే వచ్చింది. ఇప్పుడు ప్రాప్ 50, 55 నిమిషాలు పూర్తి బలంతో ఆడి బయటికి వచ్చేస్తాడు, ఇంకో కొత్త ముందు వరస లోపలికి వెళ్తుంది. లియోనార్డ్ మొదటి అయిదారేళ్ళు ఆడినవి 80 నిమిషాల మ్యాచ్‌లు, మొదటి స్క్రమ్ నుంచి చివరి స్క్రమ్ దాకా. క్యాప్‌ల లెక్కలు చూసేటప్పుడు ఇది కూడా చూడాలి అని నా అభిప్రాయం.

1993లో లయన్స్‌తో న్యూజీలాండ్ వెళ్ళాడు. మొదటి టెస్ట్ పోయింది. టీమ్‌కి టైట్‌హెడ్ వైపు సమస్య ఉంది. అప్పటిదాకా ఇంగ్లండ్‌కి లూజ్‌హెడ్ ఆడినవాణ్ణి, ఏడాది కిందట మెడ ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి, రెండు భుజాల మీదా బరువు పడే ఆ మూడో నంబర్‌కి మార్చారు, అదీ ఆల్‌బ్లాక్స్ (న్యూజీలాండ్ టీమ్) మీద. వెల్లింగ్టన్‌లో రెండో టెస్ట్ లయన్స్ 20-7తో గెలిచారు. సిరీస్ చివరికి 2-1తో పోయింది కానీ ఇతని విషయంలో మాత్రం ఒకటి తేలిపోయింది, ఎక్కడ పెట్టినా పని జరుగుతుంది. తర్వాత ఇంగ్లండ్ కూడా అదే చేసింది, గ్రాహమ్ రౌంట్రీ లూజ్‌హెడ్‌గా వస్తే ఇతన్ని టైట్‌హెడ్‌కి జరిపారు, అవసరం మారితే మళ్ళీ ఇటు తెచ్చారు. గొణుక్కోకుండా వెళ్ళాడు.

1995 వరల్డ్ కప్ సెమీస్‌లో న్యూజీలాండ్ వింగర్ జోనా లోము ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు వేసిన మ్యాచ్ అందరికీ తెలుసు, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

1996 డిసెంబర్ గురించి మాత్రం చెప్పాలి. ట్వికెన్‌హామ్‌లో అర్జెంటీనాతో మ్యాచ్, రెగ్యులర్ కెప్టెన్ ఫిల్ డి గ్లాన్‌విల్ దెబ్బతో ఆడలేదు, లియోనార్డ్‌కి కెప్టెన్సీ ఇచ్చారు. ఇంగ్లండ్‌కి అతను కెప్టెన్‌గా ఆడిన మొదటి టెస్ట్ అది. ఇంగ్లండ్ చాలా చెత్తగా ఆడింది, మైక్ క్యాట్ పెనాల్టీ కిక్కులతో నెట్టుకొస్తోంది, ఆ రోజు టీమ్ మొత్తం కలిసి వేసింది ఒకటే ట్రై, వేసింది లియోనార్డ్. స్కోరు 20-18. ట్రైకి 5 పాయింట్లు, తీసేసి చూడండి. 114 టెస్టుల్లో ఇంగ్లండ్‌కి అతను వేసిన ఏకైక ట్రై అదే, అది మొదటి క్యాప్ ఇచ్చిన అర్జెంటీనా మీదే, మ్యాచ్‌ని గెలిపించిన తేడా కూడా అదే. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు, స్కోర్‌కార్డ్ చూడమంటా.

1997లో లయన్స్ దక్షిణాఫ్రికా టూర్. అందరూ టెస్ట్ టీమ్‌లో లియోనార్డ్ ఖాయం అనుకున్నారు, నాకు తెలిసి అతనూ అనుకునే ఉంటాడు. కోచ్‌లు మాత్రం టామ్ స్మిత్, పాల్ వాలస్ అనే ఇద్దరు పొట్టి ప్రాప్‌లని ఎంచుకున్నారు, దక్షిణాఫ్రికా ప్రాప్‌లు కొండల్లాంటివాళ్ళు, వాళ్ళకన్నా కిందకి వెళ్ళి స్క్రమ్ చెయ్యాలన్నది ఆలోచన. అది పనిచేసింది, సిరీస్ 2-1తో గెలిచారు. లియోనార్డ్‌కి దక్కింది ఒక టెస్ట్‌లో బెంచ్ నుంచి కాసేపు. మిగతా టూరంతా టెస్టుల మధ్యలో జరిగే మ్యాచ్‌లు ఆడాడు, కెప్టెన్సీ కూడా చేశాడు. అలాంటి టూర్లలో టెస్ట్ టీమ్‌లో చోటు రాని సీనియర్లు ముఖం మాడ్చుకుంటే మొత్తం క్యాంపే పాడవుతుంది, ఆ టూర్ క్యాంపు పాడవకపోవడానికి ఇతని లాంటివాళ్ళే కారణం. 2001 ఆస్ట్రేలియా టూర్‌లో కూడా అంతే, రెండు టెస్టులూ బెంచ్ నుంచే.

ఇక 2003. ఫిబ్రవరిలో ట్వికెన్‌హామ్‌లో ఫ్రాన్స్ మీద 100వ క్యాప్, ప్రపంచంలో 100 టెస్టులు ఆడిన మొదటి ఫార్వర్డ్. అదే ఏడు నవంబర్‌లో వరల్డ్ కప్ సెమీఫైనల్, సిడ్నీ, మళ్ళీ ఫ్రాన్స్, బెంచ్ నుంచి వచ్చి 112వ క్యాప్ తీసుకుని ఫ్రాన్స్ ఆటగాడు ఫిలిప్ సెల్లా 111 రికార్డు దాటేశాడు. సెల్లా సెంటర్, బ్యాక్స్‌లో ఆడేవాడు. ప్రాప్ ఆ రికార్డు దాటడం అంతకు ముందు ఎవరూ ఊహించింది కాదు.

వారం తర్వాత ఫైనల్. ఆస్ట్రేలియా సొంత గడ్డ. ఇంగ్లండ్ ముందు వరస ట్రెవర్ వుడ్‌మన్, స్టీవ్ థామ్సన్, ఫిల్ వికరీ. ఇంగ్లండ్ స్క్రమ్ ఆ రోజు బలంగా ఉంది, చూసినవాళ్ళందరికీ అది కనిపిస్తూనే ఉంది, కానీ రిఫరీ ఆండ్రీ వాట్సన్ మాత్రం మళ్ళీ మళ్ళీ ఇంగ్లండ్ స్క్రమ్ మీదే పెనాల్టీ ఇస్తున్నాడు. ఆస్ట్రేలియా ఆటగాడు ఎల్టన్ ఫ్లాట్లీ కిక్కులు కొట్టేస్తున్నాడు. 80వ నిమిషంలో, మ్యాచ్ అయిపోబోతుండగా, ఇంకో స్క్రమ్, ఇంకో పెనాల్టీ, ఫ్లాట్లీ కొట్టాడు, 14-14. ఎక్స్‌ట్రా టైమ్.

అప్పుడు వికరీని తీసేసి 35 ఏళ్ళ లియోనార్డ్‌ని టైట్‌హెడ్‌గా దింపారు. అతను లోపలికి వెళ్ళి రిఫరీతో మాట్లాడిన సంగతి తర్వాత చాలాసార్లు చెప్పాడు, సారాంశం ఏంటంటే, నేను ముందుకి వెళ్ళను, వెనక్కి రాను, పైకి లేవను, కిందకి దిగను, కదలకుండా నిలబడతా, కాబట్టి నా వైపు నుంచి నీకు పెనాల్టీ అవసరం రాదు. వాట్సన్ పెనాల్టీలు సరైనవా కావా అన్న వాదన లియోనార్డ్ పెట్టుకోలేదు. ఆ రిఫరీకి ఆ రోజు స్క్రమ్‌లో ఏ కదలిక కనిపించినా ఇంగ్లండ్‌దే తప్పు అనిపిస్తోంది, అయితే కదలికే లేకుండా చేద్దాం, అంతే. ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టగలిగి కూడా నెట్టకుండా, అలాగని వాడు నెడితే ఒక్క అంగుళం కూడా ఇవ్వకుండా, బంతి బయటికి వెళ్ళేదాకా గోడలా నిలబడాలి. తొయ్యడం కన్నా ఇది కష్టం, ఎందుకంటే తోసేటప్పుడు నీ ఊపు నీకు సాయం చేస్తుంది, నిలబడేటప్పుడు అన్నీ నీ మెడ మీదే.

పెనాల్టీలు స్క్రమ్ నుంచి రావడం ఆగిపోయింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో రెండు టీమ్‌లూ చెరో పెనాల్టీ కొట్టి 17-17 అయింది గానీ, ఫ్లాట్లీ కొట్టింది స్క్రమ్ దగ్గర వచ్చింది కాదు. చివరి నిమిషంలో జానీ విల్కిన్సన్ తనది కాని కుడి కాలితో డ్రాప్ గోల్ (బంతిని నేలకి తాకించి కొట్టే కిక్, 3 పాయింట్లు) కొట్టాడు, 20-17, ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. నేను ఆ రికార్డింగ్ పెట్టుకున్నప్పుడల్లా ఎక్స్‌ట్రా టైమ్ స్క్రమ్‌ల దగ్గర ఆపి ఆపి చూస్తా, ఇంగ్లండ్ 3 వైపు వీపు ఎంత తిన్నగా ఉంటుందో, రిఫరీ చూపు అక్కడ ఆగి వేరే చోటికి ఎలా వెళ్ళిపోతుందో. విల్కిన్సన్ కిక్ గొప్పదే, అందులో సందేహం లేదు, కానీ ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇంకో రెండు స్క్రమ్ పెనాల్టీలు పడి ఉంటే ఆ కిక్కుకి అర్థమే ఉండేది కాదు.

ఆ ఫైనల్ గురించి మాట్లాడినప్పుడు స్టీవ్ థామ్సన్‌ని తలుచుకోకుండా ఉండలేను. ఆ రోజు హుకర్ అతను. 2020లో, 42 ఏళ్ళకే తనకి డిమెన్షియా వచ్చిందని బయటపెట్టాడు, ఆ ఫైనల్ ఆడినట్టు కూడా తనకి గుర్తు లేదన్నాడు. వరల్డ్ కప్ గెలిచిన మనిషికి అది గెలిచిన జ్ఞాపకం లేకపోవడం అన్నది నాకు చాలా బాధ కలిగించిన విషయం. తర్వాత మాజీ ఆటగాళ్ళు కొందరు కలిసి ఆట నడిపే సంస్థల మీద కేసు వేశారు, థామ్సన్ అందులో ఉన్నాడు. స్క్రమ్ నియమాలు కూడా ఈలోపు మారాయి, 2007లో దగ్గరకి వచ్చి తాకి ఆగి అప్పుడు ఢీకొనే పద్ధతి తెచ్చారు, 2013 నుంచి అయితే ముందే ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుని ఆ తర్వాతే లోపలికి వెళ్ళాలి, దీంతో ఆ మొదటి గుద్దు బాగా తగ్గింది. కొంతమంది పాత అభిమానులు దీనివల్ల ఆట మెత్తబడిపోయింది అంటారు, నేను ఒప్పుకోను. మెడలో తుంటి ఎముక పెట్టించుకుని ఆడాల్సి రావడం ఎవరికీ రాకూడదు, లియోనార్డ్ బయటపడ్డాడు కాబట్టి అందరూ బయటపడతారనుకోవడం పొరపాటు.

2004 ఫిబ్రవరిలో రోమ్‌లో ఇటలీ మీద బెంచ్ నుంచి 114వ క్యాప్, అదే చివరిది, ఆ సంవత్సరమే ఆట ఆపేశాడు. తర్వాత ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కి ప్రెసిడెంట్ అయ్యాడు, 2015లో వరల్డ్ కప్ ఇంగ్లండ్‌లోనే జరిగినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఇతనే, లయన్స్ సంస్థకి ఛైర్మన్‌గా కూడా చేశాడు. బార్కింగ్ వడ్రంగి అక్కడిదాకా వెళ్ళడం నాకు ఎంత సంతోషమో.

ఇంగ్లండ్ మగవాళ్ళ టీమ్‌లో ఇతని 114 క్యాప్‌ల రికార్డు 18 ఏళ్ళ పాటు నిలిచింది, 2022లో బెన్ యంగ్స్ దాన్ని దాటాడు, తర్వాత 127 దగ్గర ఆపాడు. యంగ్స్ స్క్రమ్‌హాఫ్, స్క్రమ్‌లోకి బంతి వేసేవాడు. ఆ తర్వాత డాన్ కోల్ కూడా 118తో దాటాడు, కోల్ కూడా ప్రాపే కాబట్టి ఇప్పుడు లెక్కల్లో ఇంగ్లండ్ ప్రాప్‌లలో మొదటి పేరు కోల్‌ది. మరి అందరికన్నా గొప్ప ఇంగ్లండ్ ప్రాప్ ఎవరు అంటే ఈ మధ్య కోల్ పేరు చెప్పేవాళ్ళు పెరిగారు. కోల్ అంటే నాకూ చాలా గౌరవం, అన్నేళ్ళు టైట్‌హెడ్ ఆడటం మామూలు విషయం కాదు, కానీ అతను ఆడింది 3 నంబరే. ఒకే మనిషి 1 వేసుకుని గ్రాండ్‌స్లామ్‌లు, 3 వేసుకుని ఆల్‌బ్లాక్స్ మీద లయన్స్ టెస్ట్ గెలుపు, ఇంకోసారి బెంచ్ నుంచి 3 వైపుకి వచ్చి వరల్డ్ కప్ ఎక్స్‌ట్రా టైమ్, ఇలా ఇంకొకళ్ళని చూపించండి, అప్పుడు నా ఓటు మార్చుకుంటా.